గ్రెయిన్ తూకం

ఇబ్రహీంపట్నంలో తుపాకీ మోత అంటే గుర్తొచ్చేది ఉగ్రవాదులను ఎదుర్కొనే ఆక్టోపస్ పోలీసు కమాండోలే. వాళ్ల తూటాలు ఫ్యాక్టరీ నుంచి వస్తాయి. నాకు ముచ్చటేసేది వేరే పనితనం: కాల్చేసిన ఇత్తడి తొడుగును పారెయ్యకుండా మళ్లీ తూటాగా మలచడం.

1892 నాటి 7×57 మౌజర్ తూటానే చూడండి. ఇంగ్లండులో రిగ్బీ కంపెనీ దాన్నే .275 అంది. 1926లో వేటగాడు జిమ్ కార్బెట్ రుద్రప్రయాగ నరభక్షక చిరుతను కొట్టింది ఆ తూటా పేల్చే రైఫిల్‌తోనే. పేలినప్పుడు తొడుగు ఉబ్బి చాంబర్ గోడలకు అతుక్కుంటుంది. దాన్ని డైలో నొక్కి పాత కొలతకు తెస్తారు, సాగిన మెడను కత్తిరిస్తారు, రవ్వ పుట్టించే కొత్త ప్రైమర్ కూరుస్తారు. మెడ చీలితే ఇక పనికిరాదు. అసలు ఓపిక తుపాకీ మందు తూచేటప్పుడు కావాలి. గ్రెయిన్ అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు. అందులో పదో వంతు తేడా వచ్చినా పనిమంతుడు ఒప్పుకోడు. తక్కెడ వణుకుతుందని ఫ్యాన్ కూడా ఆపేస్తాడు. కంసాలికీ అంత చాదస్తం ఉండదేమో!

మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే 1959 ఆయుధ చట్టం ప్రకారం నేరం. సరదా వేటకు 1972 వన్యప్రాణి చట్టం, దాని 1991 సవరణ తెర దించాయి, మంచిదే. మిగిలినవి షూటింగ్ పోటీలే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన ఎయిర్ రైఫిల్‌కు మందే అక్కర్లేదు. ఆయన 50 మీటర్ల పోటీలో కాల్చిన .22 రిమ్‌ఫైర్ తొడుగుకు రవ్వ పుట్టించే మసాలా అంచులోనే ఉంటుంది. మళ్లీ నింపడం కుదరదు. అందుకే షూటర్లు వేర్వేరు లాట్ల డబ్బాలు కాల్చి చూసి, తమ బ్యారెల్‌కు నప్పిన లాటునే కొనుక్కుంటారు.