బ్రెరా, నీ రెక్కలేవమ్మా?

2002లో జెనీవా కార్ల ప్రదర్శనశాలలో, దేదీప్యమాన దీపమాలికల నడుమ ఆల్ఫా రోమియో వారి నమూనా కారుగా నీవు తొలిసారి నిలిచిన వేళ, కార్బన్ ఫైబర్ కాయం కింద మజెరాటి వారి ఎనిమిది సిలిండర్ల హృదయం హుంకారానికి ఉవ్విళ్లూరిన వేళ, నీ తలుపులు పక్కకు తెరుచుకోక గగనోన్ముఖాలై గరుడపక్షాల్లా పైపైకి లేచిన వేళ, కార్ల రూపశిల్పి జోర్జెట్టో జుజారో చేతి నుంచి జాలువారిన ఆ చారురేఖాచాతుర్యాన్ని చూసినవారికి, మిలాన్ మహానగరంలో చిత్రకారులు కొలువైన వాడ పేరే నీకెందుకు పెట్టారో వేరే చెప్పనక్కర లేకపోయింది.

అయ్యో బ్రెరా, నీ రెక్కలేవమ్మా?

ఆల్ఫా వారు ముచ్చటపడ్డారు, మూడేళ్లు మలిచారు, 2005లో మళ్లీ అదే జెనీవాకు నిన్ను తెచ్చి నిలబెట్టారు. ముఖం నీదే. త్రికోణ ఫలకానికి ఇటు మూడు, అటు మూడు గుండ్రని దీపాలు, రెప్పలెరుగని ఆరు నేత్రాలు, అలాగే చూస్తున్నాయి. ముఖమూ మారి ఉంటే మరిచిపోయేవాళ్లం తల్లీ. అది మిగిలింది గనుకనే మా శోకం ముదిరింది! తలుపులు అందరి తలుపుల్లా పక్కకే తెరుచుకున్నాయి. మజెరాటి హృదయం మాయమైంది. జనరల్ మోటార్స్‌తో చెలిమి చేసిన రోజుల్లో ఆల్ఫా యజమానులైన ఫియట్ వారు రూపొందించిన వేదికను, 159 సెడాన్ మోసే ఆ బరువైన అస్థిపంజరాన్ని, నీ సుకుమార శరీరానికి తొడిగారు. ఇంజన్ అడ్డం తిరిగింది, ముందు చక్రాలు వెనక్కి జరిగాయి, నిడుపైన నీ నాసిక వాటిని దాటి ముందుకు పొడుచుకొచ్చింది, నాలుగు చక్రాలనూ నడిపే నీ వీ6 రూపం 1,600 కిలోలు మించి, లేడిపిల్లలా లంఘించవలసిన నీవు నిండుగర్భిణిలా నిట్టూర్చావు. నీవు పుట్టేసరికి ఆ చెలిమి కూడా చెడింది!

అయ్యో బ్రెరా, నీ రెక్కలేవమ్మా?

అన్నిటికన్నా నన్ను కలచివేసేది నీ కంఠం. జుసెప్పె బుస్సో సృష్టించిన ఆరు సిలిండర్ల యంత్రం, మెరుగుపెట్టిన గాలిగొట్టాలు మెరిసే మంజులనాద మహావీణ, నీ అక్కలెందరికో గొంతునిచ్చింది. నీ దాకా వచ్చేసరికి మూగబోయింది. నీకు దక్కింది ఆస్ట్రేలియా నుంచి ఓడెక్కి వచ్చిన ఇంజన్ దిమ్మ. దాని శిరస్సును ఆల్ఫా శిల్పులు తమ రీతికి దిద్దారు, 260 అశ్వశక్తి నింపారు, నిజమే. కాని శక్తి వేరు, శ్రుతి వేరు. ఆల్ఫా వారి ఆరెసె కర్మాగారంలో బుస్సో యంత్రాల తయారీ 2005 చివర్లో ఆగింది. కొద్ది రోజులకే, 2006 జనవరిలో, ఆ పెద్దాయన కూడా కన్నుమూశాడు. ఆ ఏడాదే నీ చెల్లెలు స్పైడర్ పైకప్పు తీసి ప్రపంచం ముందుకొచ్చింది. చూసినవారు మురిశారు, నడిపినవారు నిట్టూర్చారు.

అయ్యో బ్రెరా, నీ రెక్కలేవమ్మా?

నేరం నీది కాదు. నిన్ను కన్న జుజారోదీ కాదు. ట్యూరిన్ సమీపాన పినిన్‌ఫరీనా కర్మాగారంలో నిన్ను కూర్చిన చేతులదీ కాదు. ఆ రూపాన్ని ఆశించి, ఆ ఆత్మకు వెల కట్టడానికి వెనుకాడిన లెక్కలదే నేరం. చూపినట్టే నిన్ను కట్టి ఉండవలసింది. కొందరికే అందినా కట్టి ఉండవలసింది. 2010లో నీ ఉత్పత్తి ఆగిపోయింది. నీ పేరుతో ఆల్ఫా రోమియో మరో కారు చేయలేదు.