నరం పక్కన సూది

నడుము నుంచి కాల్లోకి లాగే నొప్పికి వెన్నులో స్టెరాయిడ్ సూది వేసేటప్పుడు రోగిని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి పొట్ట కింద దిండు పెడతారు. వెన్నుపూసల మధ్య సందు కాస్త తెరుచుకుంటుంది. చర్మానికి మత్తిచ్చి, సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం తెర మీద ఎముకల నీడలు చూసుకుంటూ డాక్టర్ సన్నటి సూది దించుతారు. మొదట వెళ్లేది స్టెరాయిడ్ కాదు, ఎక్స్‌రేలో కనబడే డై. అది నరం వెంట పాకితే సూది సరైన చోట ఉన్నట్టు. క్షణంలో మాయమైతే రక్తనాళంలోకి పోతున్నట్టే. అప్పుడు సూది జరపాల్సిందే. మందు ఎక్కుతుండగా ఒక ప్రశ్న: ‘‘రోజూ కాల్లోకి లాగేది ఈ నొప్పేనా?’’

అవునంటే డాక్టర్ ముఖం విప్పారుతుంది. నొప్పి పుట్టించి గురి సరిచూసుకునే వైద్యాలు అరుదు.

ఈ విద్య పాతదే. 1901లో పారిస్‌లో సికార్, కాథెలిన్ అనే వైద్యులు ఎవరికి వారే వెన్ను అడుగు రంధ్రం గుండా మందు ఎక్కించారు. కాల్లోకి లాగే ఈ నరం నొప్పికి, అంటే సయాటికాకు, సికార్ వాడింది కొకైన్! స్టెరాయిడ్ 1950లలో వచ్చి చేరింది.

ఈ మందు నరాన్ని నొక్కుతున్న జారిన డిస్క్‌ను వెనక్కి నెట్టదు. నరం చుట్టూ ఉన్న వాపును చల్లారుస్తుంది, అంతే. చాలామందిలో జారిన ముక్క కొన్ని నెలల్లో తనంతట తానే కుంచించుకుపోతుంది. ఆలోగా రాత్రి నిద్రపట్టి, నాలుగడుగులు నడవగలిగితే ఆపరేషన్ మాట వాయిదా పడుతుంది. సూది పనికొచ్చేది ఇక్కడే. అంతకుమించి ఆశపెట్టడం తప్పు. 2020లో కోక్రేన్ అనే సంస్థ సమీక్ష 25 ప్రయోగాలను కలిపి చూస్తే, నూటికి లెక్కగట్టిన కాలినొప్పిలో ఉత్తుత్తి మందు కన్నా తగ్గింది సగటున 5 పాయింట్లే, అదీ కొద్దికాలమే. వెన్నుకాలువ ఇరుకైన 400 మందిపై అమెరికాలో జరిగిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. ఆరు వారాల తర్వాత చూస్తే, మత్తుమందుకు స్టెరాయిడ్ కలిపినా పెద్దగా ఒరిగింది లేదు. కొందరికి బాగా పనిచేస్తుందన్నదీ నిజమే. ఎవరికన్నది ముందే చెప్పడం కష్టం. అయినా, మొదటిది పనిచేసిందో లేదో చూడకుండా ‘మూడు సూదుల కోర్సు’ రాసేసే అలవాటుంది. దానికి ఆధారమేమిటో అడగాలి.

ప్రమాదం అరుదు, కానీ చిన్నది కాదు. 2012లో మసాచుసెట్స్‌లోని ఒక మందుల తయారీ కేంద్రం నుంచి వెళ్లిన స్టెరాయిడ్ సీసాల్లో బూజు చేరి, అమెరికాలో 60 మందికి పైగా చనిపోయారు. చేతులు నేర్పుగలవే, సీసా చెడ్డది.

మధుమేహం ఉన్నవాళ్లకు కొన్ని రోజులు షుగర్ ఎగబాకుతుంది. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య మొద్దుబారినా సూది కోసం వరసలో కూర్చోకూడదు. ఆ గంటలోనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.