మొక్కల లెక్క వేరు, అడవి లెక్క వేరు

“ఈ ఏడు ఇన్ని కోట్ల మొక్కలు నాటాం” అన్న ప్రకటన మీరు వినే ఉంటారు. భూతాపం గురించి నాయకులు చెప్పే మాటల్లో ఇంత సులువుగా జనం మెప్పు పొందేది మరొకటి లేదు. బొగ్గు వాడకం తగ్గిద్దామంటే కరెంటు బిల్లు గుర్తొస్తుంది. మొక్క నాటుదామంటే కాదనేదెవరు?

కాదనడానికి కారణం ఉన్నవారు చింతలనార్ వైపు ఉన్నారు. ఛత్తీస్‌గఢ్‌లో, దక్షిణ బస్తర్‌లోని ఈ ఊరి పేరు మన పత్రికల్లో ఎక్కువగా కాల్పుల వార్తల్లోనే కనిపించింది. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఆ ప్రాంతం నుంచి వేలాదిమంది ఆదివాసులు ఖమ్మం, గోదావరి జిల్లాల అడవులకు తరలివచ్చి, పోడు కొట్టుకుని బతుకుతున్నారు. మనం గుత్తికోయలంటున్నది వీరినే. 2015లో తెలంగాణ ప్రభుత్వం 230 కోట్ల మొక్కల లక్ష్యంతో హరితహారం చేపట్టింది. ఆ మొక్కలు పోడు భూముల్లోకీ వచ్చాయి. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఎర్రబోడు దగ్గర, నాటిన మొక్కల విషయమై మొదలైన గొడవలో ఒక అటవీ రేంజి అధికారిని నరికి చంపారు. ఆ హత్యను ఏ కష్టమూ సమర్థించదు. అయితే, కొద్దిరోజులకే బెండాలపాడు గ్రామసభ అక్కడి గుత్తికోయలను ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని తీర్మానించింది. చేసినది కొందరు, తీర్మానం అందరి మీదా!

ఇంతకీ ఆ ప్రకటనలో సైన్సు పాలెంత? 2030 నాటికి అడవులూ చెట్ల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువును పీల్చుకునే ఏర్పాటు చేస్తామని 2015లో మన దేశం ప్రపంచానికి మాట ఇచ్చింది. మంచిదే. కాని అటవీ సర్వే లెక్క ఎలా ఉంటుందో చూడండి. హెక్టారుకు మించిన స్థలంలో పదిశాతం నేలను చెట్ల కొమ్మలు కప్పితే చాలు, అది ‘అటవీ విస్తీర్ణం’. జాతి ఏదైనా, యజమాని ఎవరైనా ఒకటే. కాగితం మిల్లు కోసం పెంచే జామాయిల్ తోటా అడవే, ఇప్పచెట్ల అడవీ అడవే! 2021 నివేదికలో ఆంధ్రప్రదేశ్ 647, తెలంగాణ 632 చదరపు కిలోమీటర్లు పెరిగి దేశంలో మొదటి రెండు స్థానాల్లో నిలిచాయి. అందులో తోట ఎంత, అడవి ఎంత అన్నది ఆ సంఖ్యను చూసి చెప్పలేం. జామాయిల్‌ను కొన్నేళ్లకే నరుకుతారు. అది పీల్చిన కర్బనంలో చాలాభాగం కాగితం కుళ్లినప్పుడో, కాలినప్పుడో తిరిగి గాలిలో కలుస్తుంది. పాత అడవి తన మానుల్లో, నేలలో దశాబ్దాల తరబడి దాచుకున్న దానికి ఇది సాటి కాదు. గని కోసం ఒకచోట అడవిని తీసి, మరోచోట మొక్కలు నాటి ‘సరికి సరి’ అనడంలోని తప్పూ ఇదే.

అడవిలో బతికేవారి అభిప్రాయానికి చట్టంలో చోటు లేకపోలేదు. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఆ అధికారమిచ్చింది. గ్రామసభ సమ్మతి ఉంటేనే అడవిని ఇతర పనులకు మళ్లించాలని 2009లో కేంద్ర పర్యావరణ శాఖ ఆదేశించింది. 2022 నిబంధనలు ఆ వరుసను తిరగేశాయి: ముందు కేంద్రం తుది అనుమతి, ఆ తరువాత హక్కుల సంగతి రాష్ట్రం చూసుకోవాలి. మొక్కల ప్రకటనకు వచ్చినంత ప్రచారం ఈ మార్పుకు రాలేదు.