ఇచ్చినవా, వదిలించుకున్నవా?

ఆదివారం పొద్దున సికింద్రాబాద్‌లో మేం కొందరం ఫుట్‌బాల్ ఆడతాం. ఆట కన్నా ఆయాసమే ఎక్కువ. యాభై దాటాక నా మోకాళ్లు నన్ను ఫార్వర్డ్ నుంచి మిడ్‌ఫీల్డ్‌కి బదిలీ చేశాయి. ఆ మధ్య ఓ ఆదివారం ఇద్దరు కుర్రాళ్లు మీదికి దూసుకొస్తుంటే, కంగారులో బంతిని పక్కనున్న పెద్దాయన వైపు గట్టిగా తన్నాను. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. బంతి ఆయన మోకాలికి తగిలి అవతలి జట్టు పాలైంది. ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని నా వైపు చూశాడు.

"తమ్మీ, గా బంతి నాకిచ్చినవా, వదిలించుకున్నవా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. రాత్రి కూర్చుని, ఎప్పుడు మనసు బాగోకపోయినా చూసే పాత వీడియోలు మళ్లీ పెట్టుకున్నాను. అవి ఫ్యోదర్ చెరెంకోవ్‌వి.

ఈ పేరు మన దగ్గర చాలామందికి తెలియదు. మాస్కోలో స్పార్తక్ అభిమాని ఎవరి దగ్గరైనా ఎత్తి చూడండి, గొంతు మెత్తబడుతుంది. 1959లో మాస్కోలో పుట్టి, కుంత్సెవో ప్రాంతంలో ఆట నేర్చుకున్నాడు. బక్కపలచటి మనిషి. భుజంతో నెట్టుకుంటూ వెళ్లే బలం లేదు, గుర్రంలా పరిగెత్తే వేగమూ లేదు. అయినా 1983లో ఒకసారి, 1989లో మరోసారి సోవియట్ యూనియన్‌లో ఆ ఏటి ఉత్తమ ఆటగాడు అతనే. స్పార్తక్‌తో 1979, 1987, 1989ల్లో లీగ్ గెలిచాడు. మిడ్‌ఫీల్డరై ఉండీ సోవియట్ లీగ్‌లో 95 గోల్స్ కొట్టాడు.

ఆ స్పార్తక్ సంగతి కొంచెం చెప్పాలి. 1976లో ఆ జట్టు పై డివిజన్ నుంచి కిందికి పడిపోయింది. మరుసటి ఏడు కొన్స్తంతీన్ బెస్కోవ్ కోచ్‌గా వచ్చి మళ్లీ పైకి తెచ్చాడు. ఆయన ఆటకి మూలం పొట్టి పాసులు. కొందరు చుట్టూ నిలబడి, మధ్యలో ఒకరిద్దరిని తిప్పుతూ, ఒక్క టచ్‌తో బంతిని మార్చుకునే సాధన రోజూ ఉండేది. దాన్ని వాళ్లు 'క్వద్రాత్' అంటారు, అంటే చదరం. ఇంకొకటి 'స్తెనోచ్కా', చిన్న గోడ. పిల్లలు గోడకి బంతి కొట్టి, అది తిరిగొచ్చే చోటికి పరిగెత్తినట్టే. ఇక్కడ గోడ సాటి ఆటగాడు. నువ్వు అతనికిచ్చి పరిగెత్తాలి, అతను నీ పరుగుకి ముందు పెట్టాలి. యూరీ గవ్రిలోవ్‌తో, సెర్గేయ్ రొదియోనోవ్‌తో చెరెంకోవ్ ఈ గోడలు కడుతుంటే, ఎదురు జట్టు డిఫెండర్లు గోడకీ బంతికీ మధ్య తల తిప్పుకోవడమే సరిపోయేది.

నెమ్మదిగా తిప్పి చూస్తే కిటుకు కొంత అర్థమవుతుంది. బంతి కాలికి తగిలాక ఎవరికివ్వాలా అని వెతుకుతాను నేను. చెరెంకోవ్ బంతి రాకముందే ఒకసారి తల తిప్పి చూసేసుకుంటాడు. ఇక కాలికి మిగిలిన పని చిన్నదే. రెండోది, పాస్ బరువు. అందుకునేవాడు పరుగు తగ్గించనక్కర్లేదు, వెనక్కి తిరగనక్కర్లేదు. తన్నడానికి ఏ కాలు సిద్ధంగా ఉందో, బంతి ఆ కాలి ముందు పడుతుంది.

మన పంక్తి భోజనాల్లో వడ్డించేవాళ్లు రెండు రకాలు. గరిటె ఖాళీ చేసుకుని ముందుకి పోయేవాళ్లు కొందరు. విస్తరి చూసి, పక్కకి జరుగుతున్న పులుసు చూసి, తినేవాడి చెయ్యి చూసి వడ్డించేవాళ్లు కొందరు. చెరెంకోవ్ రెండో రకం.

1983 అతని ఏడాది. ఏప్రిల్‌లో మాస్కోలో పోర్చుగల్‌ని 5-0తో ఓడించిన ఆటలో రెండు గోల్స్. నవంబర్‌లో బర్మింగ్‌హామ్‌లో ఆస్టన్ విల్లా మీద మరో రెండు. అంతకు ముందేడే యూరోపియన్ కప్ గెలిచిన జట్టు అది. సొంతగడ్డ మీద, ఆట ఆరంభంలోనే గోల్ కొట్టింది. చెరెంకోవ్ ఒకటి కొట్టి సమం చేశాడు, ఆట ముగుస్తుండగా ఇంకొకటి కొట్టి గెలిపించాడు. ఆ ఏడాది క్లబ్బుకీ, జాతీయ జట్టుకీ, ఒలింపిక్ జట్టుకీ అతనే కావాల్సొచ్చాడు. అందరికీ ఆడాడు. 1984 వసంతంలో మనసు జబ్బు పడింది. ఆసుపత్రిలో చేరాడు, కోలుకుని మళ్లీ మైదానానికి వచ్చాడు. ఆ జబ్బు తర్వాత కూడా మళ్లీ మళ్లీ తిరగబెడుతూనే ఉంది. రెండోసారి ఉత్తమ ఆటగాడయ్యింది దాన్ని మోస్తూనే.

నాకు మింగుడుపడనిది ఇంకొకటుంది. ఇతను ఒక్క ప్రపంచ కప్‌లోనూ ఆడలేదు. 1980లో మారకానా స్టేడియంలో బ్రెజిల్‌ని బ్రెజిల్ ప్రేక్షకుల ముందే 2-1తో ఓడించినప్పుడు ఒక గోల్ ఇరవై ఒక్క ఏళ్లు నిండని ఈ కుర్రాడిదే. అయినా 1982 ప్రపంచ కప్‌కి తీసుకెళ్లలేదు. అప్పుడు జాతీయ జట్టు కోచ్ మరెవరో కాదు, బెస్కోవే! 1986, 1990ల్లో కోచ్ కీవ్‌కి చెందిన వలేరీ లొబనోవ్‌స్కీ. ఆయనది లెక్కలు, పరుగు, క్రమశిక్షణ మీద నిలబడ్డ ఆట. అందులో ఇతనికి చోటు దొరకలేదు. గోడకి బంతి ఇచ్చి మూడుసార్లు పరిగెత్తాడు. మూడుసార్లూ బంతి తిరిగి రాలేదు.

1990లో రొదియోనోవ్‌తో కలిసి పారిస్ దగ్గర రెడ్ స్టార్ అనే క్లబ్బుకి వెళ్లాడు. అక్కడ ఎక్కువ కాలం నిలవలేకపోయాడు. మళ్లీ స్పార్తక్‌కే వచ్చాడు. 1994 ఆగస్టులో పార్మా జట్టుతో వీడ్కోలు ఆట ఆడాడు. 2014 అక్టోబర్ 4న, 55 ఏళ్లకి, కన్నుమూశాడు. 1922లో పుట్టిన స్పార్తక్‌కి సొంత స్టేడియం తెరిచి అప్పటికి నెల అయింది. కడసారి చూపుకి వేలమంది వచ్చారు. రష్యన్లు అతన్ని 'జనం ఫుట్‌బాలర్' అంటారు. ఆ బిరుదు ఏ సంఘమూ ఇచ్చింది కాదు.

ఇన్నేళ్లుగా రాతపని చేస్తున్నాను. నేను పంపిన వ్యాసాలు, అప్పజెప్పిన పనులు, చెప్పిన సలహాలు ఎన్ని పాసులో, ఎన్ని వదిలించుకోవడాలో ఈ మధ్య లెక్క వేసుకుంటున్నాను. లెక్క అంత బాగా లేదు.

తర్వాతి ఆదివారం జాగ్రత్త పడ్డాను. బంతి రాకముందే తల తిప్పి చూశాను. పెద్దాయన కుడికాలి ముందుకి, మెత్తగా, తగిన బరువుతో ఇచ్చాను. ఆయన ఒక్క టచ్‌తో దాన్ని నా ముందున్న ఖాళీలోకి తోశాడు. అసలైన స్తెనోచ్కా. నేను మాత్రం నా పాస్ అందం చూసుకుంటూ ఉన్నచోటే నిలబడిపోయాను. బంతి దొర్లుకుంటూ గీత దాటింది.

పెద్దాయన ఈసారి నవ్వాడు. "ఇచ్చినవ్ తమ్మీ, మంచిగనే ఇచ్చినవ్. ఇచ్చినంక ఉరకాలె గద!"