పొరకూ పొరకూ నడుమ

భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్ళు. శతాబ్దాలతో లెక్కపెడితే తేలే కాలం కాదిది. అందుకే భూవిజ్ఞానులు దీన్ని ఇయాన్లు, ఎరాలు, పీరియడ్లు, ఎపోక్‌లు, ఏజ్‌లుగా విడగొట్టారు. హెడియన్, ఆర్కియన్, ప్రొటెరోజోయిక్, ఫెనరోజోయిక్ అని ఇయాన్లు నాలుగు. మొదటి మూడిటికే 400 కోట్ల ఏళ్ళు పోయాయి. జంతువుల శిలాజాలు పుష్కలంగా దొరికేది 53.88 కోట్ల ఏళ్ళ కిందట మొదలైన ఫెనరోజోయిక్‌లోనే. గోడకు తగిలించిన ఈ కాలమానపు రంగుల పట్టిక చూస్తే దీన్నెవరో గడియారం ముందు పెట్టుకుని రాశారనిపిస్తుంది. నిజానికి ఫెనరోజోయిక్‌లోని పెద్ద గీతలు ముందు రాళ్ళలో కనిపించాయి. వాటి పక్కన ఏళ్ళు వేయడం చాలా కాలం తరవాతి పని. కాలమానం అంటే ముందుగా రాతిపొరలు చదివే విద్య.

ఆ విద్యకు మహారాష్ట్రలోని చంద్రపూర్ లాంటి బడి దొరకడం కష్టం. ఊరికి ఉత్తరాన తాడోబా రోడ్డు మీద తుకుం ఉంది. అది దాటితే దుర్గాపూర్ ఓపెన్‌కాస్ట్ గనులు. ఈ చుట్టుపక్కలా, బల్లార్పూర్‌లోనూ గనుల మీద బతికిన తెలుగు కుటుంబాలు ఎన్నో. బొగ్గు మీదున్న మట్టినీ రాతినీ కలిపి గనివాళ్ళు ఓబీ అంటారు, ఓవర్‌బర్డెన్‌కు పొట్టి పేరు. గనికి అది తీసి పారెయ్యాల్సిన బరువు, చదివేవాడికి అసలు పుస్తకం. ఓపెన్‌కాస్ట్ అంచున కోసిన గోడలో పైన మట్టి, దాని కింద ఇసుకరాయి, మధ్యమధ్య బూడిద రంగు షేల్, అడుగున బొగ్గు సీమ్ వరసగా కనిపిస్తాయి. కదలని పొరల్లో కిందిది ముందు పేరుకున్నది, పైది తరవాతది. నికొలస్ స్టెనో 1669లో రాసిపెట్టిన ఈ సూత్రం ఇంట్లో పాత పేపర్ల దొంతర చూసిన ఎవరికైనా తెలిసిందే. అయితే భూమి కదలికలకు పొరలు తలకిందులైన చోట్లూ ఉన్నాయి. అలాంటప్పుడు ఎండి పగిలిన బురద నెర్రెలు గానీ, అలలు ఇసుక మీద వదిలిన ముడతలు గానీ రాతిలో మిగిలి, ఏది పైవైపో చెబుతాయి.

ఒక గని పొరకూ మరో గని పొరకూ లంకె వేయడం ఇంతకన్నా కష్టమైన పని. చూపుకు ఇసుకరాళ్ళు చాలావరకు ఒకేలా ఉంటాయి. దారి చూపినవాడు విలియం స్మిత్ అనే సర్వేయర్. ఇంగ్లండ్‌లో బొగ్గు బావుల్లోకి దిగి, కాలువ తవ్వకాల వెంట తిరిగి, ప్రతి పొరకూ దానివే అయిన శిలాజాలుంటాయని పట్టుకున్నాడు. 1815లో అచ్చేసిన అతని పటం ఆ పట్టు మీదే నిలిచింది. జీవజాతి ఒకసారి అంతరిస్తే మళ్ళీ పుట్టదు కాబట్టి ఒకే రకం శిలాజాల గుంపు ఉన్న పొరలు ఒకే కాలానివి. కాలమానంలో జీవుల చరిత్రకు అంత చోటు దక్కింది ఇందువల్లే.

పేర్లు మాత్రం దాదాపు అన్నీ యూరప్‌వే. జురాసిక్ జురా పర్వతాల పేరు, పెర్మియన్ రష్యాలోని పెర్మ్ పేరు. కార్బొనిఫెరస్ అంటే బొగ్గును మోసేది. బ్రిటన్ బొగ్గు ఆ పొరల్లోది కనుక 1822లో ఆ పేరు పెట్టారు. ఇక్కడి బొగ్గు ఆ యుగానిదని చాలామంది విద్యార్థులు అనుకుంటారు, అది పొరపాటు. వార్ధా లోయలో గానీ సింగరేణిలో గానీ తవ్వే బొగ్గు ప్రధానంగా పెర్మియన్‌ది. బ్రిటన్‌లో బొగ్గు అడవులు పెరుగుతున్న కార్బొనిఫెరస్ చివరి రోజుల్లో భారత భూభాగం దక్షిణ ధ్రువం వైపు ఉండి, చాలా మేర మంచు కింద పడి ఉంది.

ఎండాకాలంలో నిప్పులు చెరిగే చంద్రపూర్‌లో మంచు సంగతి చెబితే ఎవరూ నమ్మరు. కానీ సాక్ష్యం దగ్గరలోనే ఉంది. ఊరికి నైరుతి దిక్కున, పెన్‌గంగ తీర ప్రాంతంలో ఇరయి అనే పల్లె ఉంది. పట్టణం పక్కన పారే నదికీ అదే పేరు, చోటు మాత్రం వేరు. అక్కడ పాత సున్నపురాయి పైభాగం నునుపు తేలి ఉంటుంది. ఆ నునుపు మీద ఒకే దిక్కుకు సాగిన గీతలు, గాళ్ళు. హిమానీనదం తన అడుగున ఇరుక్కున్న రాళ్ళతో నేలను గీసుకుంటూ పోతే పడే గుర్తులవి. సున్నపురాయి మీద కూర్చున్న పొరలో పిడికెడు రాయి మొదలు పెద్ద బండ దాకా, ఏరకుండా కుమ్మరించినట్టు, మెత్తటి మట్టిలో కలగలిసి ఉంటాయి. నీరు పారుతూ తెస్తే బరువైనవి ఒకచోట, తేలికవి మరోచోట దిగుతాయి. మంచు అలా ఏరదు, తెచ్చినదంతా కరిగినచోట పడేస్తుంది. ఇలాంటి బండల పొరను మొదట ఒడిశాలోని తాల్చేర్‌లో చూసి, మంచు పనే కావచ్చని బ్లాన్‌ఫర్డ్ సోదరులు 1856లోనే అన్నారు. అనుమానం తీర్చే గీతలు ఇరయి దగ్గర దొరికాయి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన ఫ్రాన్సిస్ ఫెడెన్ 1875లో వాటి గురించి రాశాడు.

ఆ చోటు విలువ మంచు ఒక్కదానితో అయిపోలేదు. గీతలు పడ్డ సున్నపురాయి ప్రొటెరోజోయిక్‌ది, దాదాపు వంద కోట్ల ఏళ్ళ నాటిదిగా లెక్కిస్తారు. దాని మీది బండల పొర సుమారు 30 కోట్ల ఏళ్ళది. రెండూ ఒకదాన్నొకటి తాకుతూనే ఉన్నాయి, కలిసేచోట వేలు పెట్టొచ్చు. ఆ వేలి కింద 70 కోట్ల ఏళ్ళు లేవు. తొలి జంతువులు, తొలి చేపలు, నేల మీదికి పాకిన తొలి మొక్క ఆ ఖాళీలోనే పుట్టుకొచ్చాయి. వాటికి ఇక్కడ ఒక్క పొర కూడా లేదు. అప్పట్లో పొరలు పేరుకోనైనా లేదు, లేదా పేరుకున్నవి మంచుకూ వానకూ అరిగిపోయాయి. ఇలాంటి ఎడాన్ని విషమవిన్యాసం అంటారు. కాలమానం గురించి చెప్పే పాఠాల్లో పొరలకిచ్చినంత చోటు ఈ ఎడాలకు ఇవ్వకపోవడం పెద్ద లోపం. ఏ ఊరి నేలా మొత్తం చరిత్రను దాచుకోలేదు. ఒకచోట చిరిగిన పుట మరోచోట దొరికితే తెచ్చి అతికించారు, అలా కుట్టిన పుస్తకమే ఆ రంగుల పట్టిక.

మంచు కరిగాక చిత్తడి నేలల్లో అడవి లేచింది. అందులో ముఖ్యమైన చెట్టు గ్లోసాప్టెరిస్. పేరుకు తగ్గట్టు దాని ఆకు నాలుక ఆకారంలో ఉంటుంది. షేల్ పలకను పొర వెంట చీలిస్తే ఒక్కోసారి ఆ అచ్చు బయటపడుతుంది. మధ్యలో గట్టి ఈనె, అటూ ఇటూ వల అల్లినట్టు సన్నటి ఈనెలు, వంచి చూస్తే వెలుగుకు మెరిసే నల్లటి పూత. ఇదే ఆకు ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో దొరుకుతుంది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ చనిపోయిన స్కాట్ బృందం చివరిదాకా వదలకుండా మోసుకొచ్చిన రాళ్ళలోనూ ఉంది. ఈ ఖండాలన్నీ ఒకప్పుడు ఒక్కటిగా ఉన్న భూఖండానికి పెట్టిన పేరు, గోండ్వానా, ఈ గోండుల నేలదే. భూవిజ్ఞాని మెడ్లికాట్ భారతదేశపు రాతిపొరలకు వాడిన ఆ పేరును, మరో భూవిజ్ఞాని ఎడ్వర్డ్ సూయెస్ ఆ ఖండానికి పెట్టి ప్రపంచమంతా తిప్పాడు. యూరప్ పేర్ల మధ్య ఈ పేరు ఇక్కడి నుంచి వెళ్ళింది.

బొగ్గు సీమ్ ఎంత కాలానికి గుర్తు? ముతక లెక్కన, చిత్తడిలో కుళ్ళిన మొక్కల పొర ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరిగి, పదింట ఒక వంతుకు అణిగి బొగ్గవుతుందనుకుంటే, పది మీటర్ల సీమ్‌కు లక్ష ఏళ్ళు పడుతుంది. పెర్మియన్ 29.89 కోట్ల ఏళ్ళ కింద మొదలై 25.19 కోట్ల ఏళ్ళ కింద ముగిసింది, అంటే 4.7 కోట్ల ఏళ్ళు. ఎంత లావు సీమ్ అయినా అందులో పిసరంతే. మిగతా కాలం ఇసుకరాతిలోనూ షేల్‌లోనూ కొంత ఉంది, పొరకూ పొరకూ నడుమ ఎడంలో అంతకన్నా ఎక్కువ ఉంది.

ఈ అంకెలు రాసింది రేడియోధార్మికత. అగ్నిపర్వతపు బూడిదలో జిర్కాన్ అనే రవ్వంత స్ఫటికాలుంటాయి. ఏర్పడేటప్పుడు జిర్కాన్ యురేనియాన్ని రానిస్తుంది, సీసాన్ని రానివ్వదు. కాబట్టి తరవాత అందులో కనిపించే సీసం ఆ యురేనియం క్షయమై వచ్చిందే. యురేనియం-238లో సగం క్షయం కావడానికి 447 కోట్ల ఏళ్ళు పడుతుంది, ఆ నిష్పత్తి చూసి వయసు చెబుతారు. ఆర్థర్ హోమ్స్ 1913లో భూమి వయసు మీద పుస్తకం తెచ్చాక ఈ పద్ధతి ఊపందుకుంది. కానీ నది తెచ్చిన ఇసుకరాతిలో జిర్కాన్ ఆ రాతి వయసు చెప్పదు, తన పుట్టుక కాలమే చెబుతుంది. అందుకని మధ్యవర్తి కావాలి. షేల్‌ను ఆమ్లాల్లో కరిగిస్తే సూక్ష్మదర్శినికి మాత్రమే అందే పుప్పొడి మిగులుతుంది. అలాంటి పుప్పొడి వరసే ఆస్ట్రేలియా బొగ్గు పొరల్లోనూ ఉంది, అక్కడ వాటి మధ్య బూడిద పొరలున్నాయి. అక్కడి వయసు ఇక్కడికి పుప్పొడి మీదుగా వస్తుంది. లక్నోలో 1946లో నెలకొన్న బీర్బల్ సాహ్ని సంస్థ దశాబ్దాలుగా చేస్తున్న పనుల్లో ఇదొకటి.

పెర్మియన్ చివర గ్లోసాప్టెరిస్ అడవులు పోయాయి. సముద్రాల్లోనూ చాలా భాగం జాతులు పోయాయి. ఆ ముగింపు గీతకు ప్రపంచ ప్రమాణం చైనాలోని మెయ్‌షాన్ రాతిగోడ. అలాంటి గీతకు ప్రమాణంగా నిలిచేందుకు ఎడం లేని సముద్రపు పొరలు కావాలి, అవి చంద్రపూర్‌లో లేవు. కానీ గీత తరవాతి కథ దక్షిణంగా ప్రాణహిత వెంట బాగా మిగిలింది. సింగరేణి బొగ్గుతో పేరు ముడిపడిన విలియం కింగ్ 1881లో ఆ లోయ మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఆసిఫాబాద్ వైపు మలేరి ఎర్రమట్టిలో ట్రయాసిక్ సరీసృపాలు దొరికాయి, సిరొంచా దగ్గర కోట సున్నపురాయిలో జురాసిక్ చేపలు. సిరొంచా తాలూకాలోని పోచంపల్లి దగ్గర తవ్విన బరపాసారస్ టాగోరి కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబడి ఉంది. తెలంగాణ వైపు యామన్‌పల్లిలో బయటపడ్డ కోటసారస్ హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో ఉంది. ఈ రెండో దాన్ని చూడని హైదరాబాద్ బడిపిల్లలు తక్కువే. అయితే ఆ ఎముకలు ఏ పొరలోవో అడిగే పిల్లలు ఇంకా పెరగాలి.

జురాసిక్ తరవాత మళ్ళీ పెద్ద ఎడం. ఆపైన క్రిటేషియస్ చివరి కాలం వరోరా దగ్గర పిస్దూరాలో దొరుకుతుంది. అక్కడ దొరికేవాటిలో శిలగా మారిన పేడ కూడా ఉంది. దాన్ని పరీక్షించినవాళ్ళకు గడ్డి కణాల్లో ఉండే సిలికా రవ్వలు కనిపించాయి. డైనోసార్ల కాలంలో గడ్డి లేదన్న నమ్మకం ఆ 2005 నాటి పరిశోధనతో పోయింది. వరి గోత్రానికి చెందిన గడ్డి కూడా అందులో ఉందని 2011లో తేల్చారు. అన్నం తినే జనానికి ఇంతకన్నా దగ్గరి శిలాజం మరొకటి ఉండదు. ఆ పొరల మీద జిల్లా పడమటి వైపున దక్కన్ లావా పరుచుకుంది. క్రిటేషియస్‌కు ముగింపు గీత పడ్డ 6.6 కోట్ల ఏళ్ళ నాటి చుట్టూనే ఆ లావా పొంగింది.

తరవాతి కాలం నదుల ఒండ్రుమట్టిలో ఉంది. పట్టికలో అన్నిటికన్నా పైనున్న మేఘాలయన్ ఏజ్ 2018లో ఖాయమైంది. దాని ప్రమాణం మేఘాలయలోని మామ్లూ గుహలో పెరిగిన సున్నపు స్తంభం.

బొగ్గు తీసిన కొద్దీ ఓబీ కుప్పల్లో పొరలు కలిసిపోతున్నాయి. కుప్పలో దొరికిన ఆకు అచ్చు అందంగానే ఉంటుంది, కానీ దానికి చిరునామా ఉండదు. బొగ్గుకు సరిగ్గా పైనున్న రూఫ్ రాతి నుంచి వచ్చిందో రెండు సీమ్‌ల మధ్య షేల్ నుంచో తెలియకపోతే దాని సాక్ష్యంలో చాలా భాగం పోయినట్టే. గనుల్లో పనిచేసేవాళ్ళు ఈ ఒక్క సాయం చేయాలి. గోడలో ఆకు గానీ ఎముక గానీ కనిపిస్తే తీసేముందు ఫోటో తీయండి. బొగ్గు సీమ్‌కు ఎన్ని మీటర్ల పైన ఉందో, ఏ వైపు పైకి ఉందో, ఏ గనో, ఏ తేదీయో కాగితం మీద రాసి రాయితో పాటే కట్టండి. కడగకుండా, గోకకుండా నాగపూర్ జియలాజికల్ సర్వే ఆఫీసుకో దగ్గరి కాలేజీ భూవిజ్ఞాన శాఖకో చూపించండి.