సెకనులో నూరో వంతు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ఎక్కడైనా సరే, నడుము పట్టి ఫిజియోథెరపీ చేయించుకొచ్చిన మనిషిని అడిగితే "కరెంటు పెట్టిండ్రు" అంటాడు. ఆ కరెంటు మిషన్లలో చిన్నది టెన్స్. అరచేతిలో ఇమిడే డబ్బా, తీగలు, నాలుగు జిగురు ప్యాడ్లు. మందు లేదు, సూది లేదు. పిరుదు నుంచి పిక్క దాకా గుంజే నరం దారిలో చీమలు పాకినట్టు చిమచిమలాడిస్తుంది. పనితనమంతా ఆ చిమచిమలోనే ఉంది.

నరమంటే ఒక్క దారం కాదు, పోగుల కట్ట. స్పర్శను మోసే పోగులు లావు, నొప్పిని మోసేవి సన్నం. పొట్టిదైన, తేలికపాటి విద్యుత్ తాకిడికే లావు పోగులు మేల్కొంటాయి. సన్నవాటిని లేపాలంటే ఇంకా గట్టిగా తాకాలి. అందుకే మిషన్ ఒక్కో తాకిడిని సుమారు 100 మైక్రోసెకన్లకు కుదిస్తుంది. సెకనుకు అలాంటివి 100 వేసినా, లెక్క కడితే కరెంటు పారేది సెకనులో నూరో వంతే. మిగతా 99 వంతులూ ఊరకుంటుంది.

మోకాలికి దెబ్బ తగిలితే అక్కడ రుద్దుకుంటాం కదా, అదే సూత్రం. స్పర్శ కబురు ముందు చేరితే వెన్నుపాములో నొప్పి కబురుకు తలుపు ఓరగా మూసుకుంటుందని 1965లో శాస్త్రవేత్తలు మెల్‌జాక్, వాల్ ప్రతిపాదించారు. 1967లో వాల్, స్వీట్ దాన్ని కరెంటుతో పరీక్షించారు, ముందుగా తమ ముఖంలోని నరాల మీదే!

నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచేది వేరే. కరెంటు ఎప్పుడూ ఒకే దిక్కుకు పారితే ప్యాడ్ల కింద ఆమ్లం, క్షారం పుట్టి చర్మం కాలుతుంది. అందుకని మంచి మిషన్ ప్రతి తాకిడిలోనూ కరెంటును ఎదురు దిక్కుకూ నడిపి, ఇచ్చిన విద్యుదావేశాన్ని పైసాతో సహా వెనక్కి తీసుకుంటుంది.

ఇక చేతి పని. గద్వాల గుంట మగ్గంలో మూడు నాడెలతో నూలు ఒంటికి పట్టు అంచు కలిపే నేతగాడి నడుమైనా, ఊరూరా కాలువలు తవ్వొచ్చిన పాలమూరు లేబరు నడుమైనా, ముందు వేలితో తాకి చూడాలి. మొద్దుబారిన చోట ప్యాడ్ పెట్టకూడదు. షుగరుతో అరికాళ్లు తిమ్మిరెక్కినవాళ్లకు స్పర్శ తెలిసే చోటు వెతకాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు పెట్టరు. గొంతు ముందు భాగం మీద, గర్భిణి పొట్ట మీద పెట్టరు. చిమచిమ బలంగా తెలియాలి, నొప్పి మాత్రం పుట్టకూడదు. ఆ హద్దు ఎక్కడో రోగే చెప్పాలి.

నొప్పి తగ్గినంతమాత్రాన జారిన డిస్క్ సర్దుకోదు. చాలామందికి ఉపశమనం మిషన్ నడిచినంతసేపు, ఆ తర్వాత కాసేపు. నరాల నొప్పికి దీని ఫలితంపై ఉన్న ఆధారాలు చాలా బలహీనమని వైద్య ఆధారాలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017 సమీక్ష తేల్చింది. పనితనాన్ని మెచ్చుకునేవాడు ఇదీ చెప్పాలి.

మళ్లీ చేతి పనికొస్తే, నొప్పికి నూనె రాసుకుని వచ్చిన నడుమైతే ముందు సబ్బునీళ్లతో తుడిచి ఆరనివ్వాలి. ప్యాడ్ అంచు లేచిందా, కరెంటంతా అంటుకున్న కాస్త మేరలోనే గుమిగూడి సూదుల్లా గుచ్చుతుంది.