వార్డు మనిషి

“అక్కా, మూడు దినాలుగా కొళాయిలో నీళ్లు రాలా.” తిరుపతిలో కార్పొరేటర్‌కు తెల్లారేది ఇలాంటి ఫోన్లతోనే. 1886లో మునిసిపాలిటీ అయిన ఈ ఊళ్లో వార్డు మనిషికి ఎన్నో ఏళ్లు నీళ్లే పెద్ద పని. కల్యాణి డ్యాం, ఆ తర్వాత తెలుగుగంగ వచ్చాక ఆ గోడు కొంత తీరింది.

2007లో నగరపాలక సంస్థ అయినా, ఎన్నికలు జరిగింది 2021 మార్చిలోనే. అన్నేళ్లూ ప్రత్యేకాధికారుల పాలనే. ఫైళ్లు నడిచి ఉండొచ్చు. ఏ సందులో ఏ అవ్వకు పింఛను ఆగిందో గుర్తుపెట్టుకుని, అర్ధరాత్రి తలుపు తట్టినా పలికే మనిషి లేకపోవడం మాత్రం చిన్న లోటు కాదు.

ఎన్నికలు జరిగిన ఏడాదే నవంబరు వానలకు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. కొళాయి నీటి కోసం పోరాడిన చోటే వాననీటిని బయటికి పంపడం ముఖ్యమైపోయింది. చెత్త బండి, వీధి దీపాలు, పట్టాలు ఎప్పుడూ ఉన్నవే.

నాకు గౌరవం కలిగించేది కార్పొరేటర్ల ఓపిక. పని తెలిసిన కార్పొరేటర్ కాలువలో పూడిక తీయించి ఫొటో దిగి వెళ్లిపోదు. తీసిన మట్టిని గట్టునే వదిలితే తర్వాతి వానకు మళ్లీ కాలువలోకే జారుతుందని ఆమెకు తెలుసు. ట్రాక్టరు వచ్చి ఎత్తుకుపోయేదాకా మేస్త్రీని కదలనివ్వదు, తానూ కదలదు.